ఐరోపాలో ఒంటరి యాత్ర: ఏడు దేశములకు ఒక ప్రణాళిక

ఐరోపా ఖండము విస్తీర్ణమున భారతదేశమునకు ఇంచుమించు మూడు రెట్లు. అందు నలుబదికి పైగా స్వతంత్ర రాజ్యములు కలవు. అట్టి ఖండమున తోడెవ్వరును లేక, ఏడు దేశములలో 26 దినములు తిరిగి క్షేమముగ ఇల్లు చేరవలెనన్నచో ముందుగా ఏమేమి యోచింపవలెనో ఈ పాఠమున తెలిసికొందము.

ఇది రేపే బయలుదేరుటకు వ్రాసిన పాఠము కాదు. నేడు ఉన్నత పాఠశాలలో నున్న విద్యార్థులు చదువు ముగించి, ఒక ఉద్యోగమున నిలిచి, కొంత ధనము కూడబెట్టిన పిదప చేయదగిన యాత్ర ఇది. అయినను యోచన చేయుట నేడే నేర్వవచ్చును. దానికి కావలసినవి ఒక అట్లాసు, ఒక క్యాలెండరు, ఒక నోటుపుస్తకము, ఒక పెన్సిలు మాత్రమే. భూగోళము, చరిత్ర, గణితము, భాష అను నాలుగు విషయములును ఈ ఒక్క పనిలో కలసి వచ్చును.

1. మొదట ప్రశ్న, తరువాత పటము

యాత్ర తలపెట్టినవారిలో పెక్కుమంది మొదట ప్రసిద్ధ స్థలముల జాబితా వ్రాసికొందురు. పారిసులోని ఈఫిల్ గోపురము, రోములోని కొలోసియము, ఏథెన్సులోని పార్థెనాన్ మొదలగువానిని ఒక గీతతో కలిపినచో ఆ గీత ఖండమంతట అడ్డదిడ్డముగ తిరుగును. దినములలో సగము రైళ్లలోను, విమానాశ్రయములలోను గడచిపోవును. కావున మొదట వ్రాసికొనవలసినది స్థలముల పేర్లు కావు, ఒక ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానము దొరకు ఊళ్లు నిలుచును. తక్కినవి వాటంతట అవియే తొలగిపోవును.

ఈ పాఠమునకు మేము ఎన్నుకొన్న ప్రశ్న యిది: ఒక భాష సరిహద్దునకు ఇవతల పెద్దదై, అవతల చిన్నదైనప్పుడు, అవతలనున్న పిల్లల బడులు ఎట్లు నిలిచినవి?

ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో తెలుగు రాజభాష. హోసూరు, బళ్ళారి, పర్లాకిమిడి ప్రాంతములలో అదే తెలుగు అల్పసంఖ్యాకుల భాష. యానాములో తెలుగే పెద్ద భాష. కాని యానాము చేరియున్న పుదుచ్చేరి ప్రాంతమున తమిళము పెద్దది. భాష మారలేదు, మాటలాడువారు మారలేదు, గీత మారినది. మన రాజ్యాంగమున 1956లో చేర్చబడిన 350-ఎ అధికరణము, భాషాపరముగ అల్పసంఖ్యాకులైనవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధన కల్పించుటకు ప్రతి రాష్ట్రమును ప్రయత్నింపవలెనని చెప్పుచున్నది. దానికి ఒక సంవత్సరము ముందు, 1955 మే 15న, వియన్నాలోని బెల్వెడేర్ భవనమున ఆస్ట్రియా రాజ్య సంధిపై సంతకములు జరిగినవి. దాని 7వ అధికరణము ఆస్ట్రియాలోని స్లోవీను, క్రొయేటు ప్రజలకు తమ భాషలలో ప్రాథమిక విద్య పొందు హక్కు నిచ్చినది. రెండు దేశములు ఒకే కాలమున ఒకే చిక్కునకు పరిష్కారము వెదకినవి. కనుక మన యాత్ర వియన్నాలో ఆరంభమగుట సమంజసము.

2. మార్గము

ప్రశ్న స్థిరపడిన పిదప పటము చూడవలెను. మేము నిర్ణయించిన మార్గము, బసచేయు రాత్రులు ఇవి:

వియన్నా (ఆస్ట్రియా): 3
క్లాగెన్‌ఫుర్ట్ (ఆస్ట్రియా): 2
ల్యుబ్లియానా (స్లోవీనియా): 3
ట్రియెస్టు (ఇటలీ): 2
బొల్జానో (ఇటలీ): 4
కూర్ (స్విట్జర్లండు): 3
స్ట్రాస్‌బూర్ (ఫ్రాన్సు): 3
లక్సెంబర్గు: 2
బ్రస్సెల్సు (బెల్జియము): 3

మొత్తము 25 రాత్రులు. సెప్టెంబరు 5న చేరి 30న బయలుదేరినచో 26 దినములగును. ఆ నెలలో వేసవి రద్దీ తగ్గును, చలి ఇంకను ముదరదు, బడులు తెరచియుండును. వియన్నాకు పోవు విమానమును, బ్రస్సెల్సు నుండి వచ్చు విమానమును ఒకే టిక్కెట్టుపై తీసికొనవచ్చును. అట్లు చేసినచో తిరిగి వియన్నాకు పోవుటకు ఒక దినము వృథా కాదు.

ఈ ఊళ్లలో చూడవలసినదేమి? క్లాగెన్‌ఫుర్టునకు స్లోవీను భాషలో త్సెలోవెత్స్ అని పేరు. 1955 నాటి సంధి రెండు భాషలలో ఊరి పేర్ల పలకలు ఉండవలెనని చెప్పినను, 1972లో వానిని నిలిపినప్పుడు జర్మను పక్షమువారు కొందరు గుంపులుగ వచ్చి పెరికివేసిరి. ఆ వివాదము 2011లో 164 గ్రామములకు ద్విభాషా పలకలను ఒప్పుకొనుటతో సమసినది. ఒక పలకకొరకు అర్ధ శతాబ్దమునకు పైగా వేచిరి. ఆ ఊరనే 1957లో స్థాపించిన స్లోవీను ఉన్నత పాఠశాల నేటికిని కలదు.

అచటినుండి ల్యుబ్లియానాకు పోయినచో అదే స్లోవీను భాష రాజభాష. 1991 జూన్ 25న స్వాతంత్ర్యము ప్రకటించుకొన్న స్లోవీనియా రాజ్యమునకు ఇది రాజధాని. మరల ట్రియెస్టు చేరగనే ఆ భాష అల్పసంఖ్యాకులదగును. అచట స్లోవీనుల సాంస్కృతిక భవనమైన నరోద్ని దోమ్ 1920 జూలై 13న ఫాసిస్టులచే దగ్ధమైనది. సరిగా నూరేండ్లకు, 2020 జూలై 13న, ఆ కట్టడమును స్లోవీను ప్రజలకు తిరిగి అప్పగించు ఒప్పందముపై సంతకములైనవి. క్లాగెన్‌ఫుర్ట్ నుండి ల్యుబ్లియానా మీదుగా ట్రియెస్టునకు పటముమీద సూటిగా కొలిచినచో 150 కిలోమీటర్లకు మించదు. ఆ కొద్ది దూరములో ఒకే భాష చిన్నదై, పెద్దదై, మరల చిన్నదగుచున్నది. ఈ మూడు ఊళ్లను ఒకదాని వెంట ఒకటిగ చూచుటకే మార్గమును ఇట్లు మలచితిమి.

బొల్జానోకు నాలుగు రాత్రులు కేటాయించుటకును కారణము కలదు. దీనిని జర్మనులో బోట్సెన్ అందురు. మొదటి ప్రపంచయుద్ధము పిదప ఈ దక్షిణ టిరోలు సీమ ఆస్ట్రియా నుండి ఇటలీకి చేరినది. 1923 నుండి జర్మను బడులు క్రమముగ మూయబడెను. అప్పుడు ఉపాధ్యాయులు ఇండ్లలోను, కొట్టములలోను రహస్యముగ పిల్లలకు జర్మను నేర్పిరి. పట్టుబడినవారికి శిక్షలు పడినవి. మీకాయెల్ గాంపెర్ అను మతాచార్యుడు ఈ బడులకు ముఖ్య ప్రేరకుడు. 1946 సెప్టెంబరు 5న ఆస్ట్రియా, ఇటలీ మంత్రుల మధ్య ఒప్పందము కుదిరినది. 1972లో విస్తృతమైన స్వపరిపాలన లభించినది. 2011 జనగణన ప్రకారము ఆ సీమలో జర్మను వారు నూటికి 69, ఇటాలియను వారు 26, లదీను వారు 4 నుండి 5 మంది. అయితే బొల్జానో పట్టణములో ఇటాలియను వారే అధికులు. అనగా ఇటలీ దేశమున జర్మను చిన్నది, సీమలో పెద్దది, పట్టణములో మరల చిన్నది. ఎక్కడ గీత గీసి లెక్కింతుమో దానినిబట్టి సంఖ్య మారును. లదీను లోయలలోని బడులలో పాఠములు జర్మను, ఇటాలియను భాషలలో సరిసమానమైన గంటలు నడచును. లదీను ప్రత్యేక పాఠముగ నుండును.

కూర్ పట్టణము గ్రాబ్యుండెన్ ప్రాంతమునకు ముఖ్య స్థానము. జర్మను, రోమాంషు, ఇటాలియను మూడును అధికార భాషలైన స్విస్ ప్రాంతము ఇదొక్కటియే. 1938 ఫిబ్రవరి 20న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో స్విస్ ఓటర్లు నూటికి తొంబదిమందికి పైగా రోమాంషును నాలుగవ జాతీయ భాషగ ఒప్పుకొనిరి. ఓటువేసినవారిలో అత్యధికులకు ఆ భాష రాదు. రోమాంషులో వ్రాతకు వాడు మాండలికములే ఐదు కలవు. 1982లో అందరికిని ఉమ్మడిగ ఒక లిఖితరూపము కల్పించిరి. కాని పాఠ్యపుస్తకము ఉమ్మడి రూపమున నుండవలెనా, లోయలోని మాటలో నుండవలెనా అను తర్కము తరువాతను సాగినది. పుస్తకములోని తెలుగు వేరు, ఇంటిలోని తెలుగు వేరు అని ఎరిగిన మన విద్యార్థులు ఈ తర్కమును ఎవరును వివరింపకయే గ్రహింపగలరు.

స్ట్రాస్‌బూరులో ఐరోపా మండలి కలదు. ప్రాంతీయ, అల్పసంఖ్యాక భాషల రక్షణకు ఒక ఒడంబడిక 1992 నవంబరు 5న అచటనే సంతకములకు తెరువబడి, 1998 మార్చి 1 నుండి అమలునకు వచ్చినది. ఫ్రాన్సు 1999లో సంతకము చేసినది గాని ఇంతవరకు దానిని ఆమోదింపలేదు. అనగా ఒడంబడిక పుట్టిన పట్టణముననే ఆ ఒడంబడిక వర్తింపదు. లక్సెంబర్గులో మూడు భాషలు వ్యవహారమున నున్నవి. 1984 నాటి చట్టము లక్సెంబర్గీషును జాతీయ భాషగ గుర్తించినది. చివరి మజిలీయైన బ్రస్సెల్సులో ప్రతి వీథి పేరును ఫ్రెంచి, డచ్చి భాషలు రెండింటను వ్రాసియుందురు. యూరోపియన్ యూనియనునకు 24 అధికార భాషలు కలవు. వాటిని నడుపు కార్యాలయములలో ముఖ్యమైనవి ఈ నగరముననే యున్నవి.

3. దినముల లెక్క

ఒక ఊరినుండి మరియొక ఊరికి మారుటకు మూట సర్దుట, స్టేషను చేరుట, ప్రయాణము, బస వెదకుట కలిపి కనీసము అర దినము పోవును. మన మార్గమున 9 ఊళ్లు, 8 మార్పులు. కావున 4 దినములు మార్పులకే పోవును. ఇదే కాలమున 15 ఊళ్లు పెట్టుకొన్నచో 14 మార్పులు, 7 దినములు వ్యయమగును. ఊళ్లు పెరిగినకొలది చూచుట తగ్గును. ఒంటరివానికి ఈ లెక్క మరింత ముఖ్యము. ఇద్దరున్నచో ఒకరు టిక్కెట్టు కొనుచుండగా మరియొకరు సామాను చూడవచ్చును. ఒక్కడే అయినప్పుడు పనులన్నియు ఒకదాని తరువాత ఒకటిగ జరుగవలెను.

మార్పులన్నియు సమానము కావు. బొల్జానో నుండి కూరునకు పోవుటకు మెరానో మీదుగా మాల్స్ వరకు రైలు, అచటినుండి కొండదారిలో బస్సు, త్సెర్నెత్స్ నుండి మరల రైలు. దీనికి ఒక పూర్తి పగలు కేటాయింపవలెను. ల్యుబ్లియానా నుండి ట్రియెస్టునకు బస్సు అనుకూలము. తక్కిన ఆరు మార్పులును రైలుపై జరుగును. ఇట్లు రైలెక్కు దినములు 7 అగును.

ఐరోపావాసులు కానివారికి యూరెయిల్ అను రైలు పాసు 1959 నుండి అమలులో నున్నది. ఒక నెలలో 7 దినములు ప్రయాణింపదగిన పాసు దానిలో నొక రకము. 27 ఏండ్ల వరకు యువకుల తగ్గింపు కలదు. అయితే పాసు ఎల్లప్పుడును చౌక అని తలపరాదు. ఏడు టిక్కెట్ల ధరలను విడివిడిగ కూడి, పాసు ధరతో పోల్చి, తక్కువయైనదానినే కొనవలెను. ఫ్రాన్సు, ఇటలీలలోని అతివేగపు రైళ్లలో పాసున్నను సీటునకు వేరుగ రుసుము చెల్లింపవలెను.

4. అనుమతి పత్రములు

మన మార్గములోని ఏడు దేశములును షెంగెన్ మండలములో నున్నవి. షెంగెన్ అనునది లక్సెంబర్గులో మొసెల్ నదీతీరమున నున్న చిన్న గ్రామము. 1985 జూన్ 14న ఐదు దేశముల ప్రతినిధులు అచట ఒక పడవపై ఒప్పందమునకు సంతకములు చేసిరి; అది 1995లో అమలునకు వచ్చినది. నేడు 29 దేశములు ఈ మండలమున చేరియున్నవి. స్విట్జర్లండు యూరోపియన్ యూనియనులో లేకున్నను షెంగెనులో నున్నది. ఐర్లండు యూనియనులో నున్నను షెంగెనులో లేదు. బ్రిటనునకు వేరు వీసా కావలెను. అందుచేతనే దానిని ఈ మార్గమున చేర్చలేదు.

భారత పాస్‌పోర్టు గలవారు షెంగెన్ వీసా పొందవలెను. దాని నియమములు ఇవి:

(అ) ఏ 180 దినములలోనైనను 90 దినములకు మించి మండలములో నుండరాదు. చేరిన దినము, విడిచిన దినము రెండును లెక్కకు వచ్చును.

(ఆ) ప్రయాణమునకు ఆరు నెలలకంటె ముందు దరఖాస్తు చేయరాదు. 15 దినములలోపు చేయరాదు. సెప్టెంబరు 5న చేరవలెనన్నచో మే, జూన్ నెలలలో దరఖాస్తు చేయుట మేలు.

(ఇ) ఎక్కువ కాలము గడుపు దేశమునకే దరఖాస్తు చేయవలెను. రెండు దేశములలో సమానముగ నున్నచో మొదట ప్రవేశించు దేశమునకు చేయవలెను. మన యాత్రలో ఆస్ట్రియా 5 రాత్రులు, ఇటలీ 6. కావున దిగునది వియన్నాలో అయినను దరఖాస్తు ఇటలీకే చేయవలెను.

(ఈ) పాస్‌పోర్టు గత పదేండ్లలో జారీయై, తిరుగు ప్రయాణము పిదప కనీసము మూడు నెలలు చెల్లుబాటై, రెండు ఖాళీ పుటలు కలిగియుండవలెను.

(ఉ) మండలమంతట చెల్లునట్లు కనీసము 30,000 యూరోల వైద్య బీమా తీసికొనవలెను.

(ఊ) పెద్దలకు దరఖాస్తు రుసుము 2024 జూన్ 11 నుండి 90 యూరోలు. వీసా రాకున్నను ఇది తిరిగి రాదు.

వీనితోపాటు బసల ఏర్పాటు, తిరుగు ప్రయాణపు ఏర్పాటు, బ్యాంకు లెక్కలు, ఉద్యోగమునుండి సెలవు పత్రము చూపవలెను. వీసా చేతికి రాకముందే తిరిగి రాని డబ్బుతో టిక్కెట్లు కొనరాదు. 2025 అక్టోబరు 12 నుండి మండలపు వెలుపలి సరిహద్దులలో ఫొటోను, వ్రేలిముద్రలను నమోదుచేయు క్రొత్త పద్ధతి ఆరంభమైనది. లోపలి సరిహద్దులలో సాధారణముగ తనిఖీ యుండదు గాని, కొన్ని దేశములు దానిని తాత్కాలికముగ పెట్టుచుండుట కలదు. కావున ప్రతి మార్పునందును పాస్‌పోర్టు చేతికందునట్లు ఉంచుకొనవలెను. నియమములు మారుచుండును, దరఖాస్తు చేయునాటి అధికార ప్రకటనను చూచియే నడువవలెను.

5. ధనము

మన ఏడు దేశములలో ఆరింట యూరో చెల్లును, స్విట్జర్లండులో ఫ్రాంకు. లెక్క నేర్చుటకై కొన్ని అంకెలను ఊహించుకొందము. ఇవి నిజమైన ధరలు కావు. నిజమైన ధరలను ప్రయాణపు సంవత్సరమున కనుగొని వాటి స్థానమున వ్రాయవలెను.

బస: 25 రాత్రులు × 45 = 1,125 యూరోలు
భోజనము: 26 దినములు × 25 = 650
పట్టణ ప్రయాణములు, ప్రవేశ రుసుములు: 26 × 12 = 312
ఊరినుండి ఊరికి ప్రయాణములు: 400
వీసా: 90
మొత్తము: 2,577 యూరోలు

దీనికి పదవ వంతు, అనగా 258 యూరోలు, ఆపద్ధనముగ చేర్చినచో 2,835 అగును. విమాన చార్జీ, బీమా దీనికి అదనము. ఆపద్ధనమును మొదటి వారములోనే ముట్టుకొన్నచో ప్రణాళికలో లోపమున్నట్లు తెలిసికొని, తరువాతి బసను తగ్గించుకొనవలెను. స్విట్జర్లండులో ఖర్చు తక్కిన దేశములకంటె హెచ్చు. అందుకే అచట మూడు రాత్రులు మాత్రమే. లక్సెంబర్గులో 2020 ఫిబ్రవరి 29 నుండి దేశమంతట రెండవ తరగతి రైళ్లు, బస్సులు, ట్రాములు ఎల్లరకును ఉచితము. షెంగెన్ గ్రామమునకు పోయివచ్చుటకు ఒక్క పైసయు అక్కరలేదు.

డబ్బును ఒకేచోట ఉంచరాదు. ఒక కార్డు జేబులో, మరియొకటి మూటలో, కొంత రొక్కము వేరొకచోట నుండవలెను. తోడున్నవానికి సంచి పోయినచో మిత్రుని సంచి యుండును. ఒంటరివానికి తన రెండవ జేబే మిత్రుడు.

6. ఒంటరివాని జాగ్రత్తలు

క్రొత్త ఊరు చీకటి పడకముందే చేరవలెను. మొదటి రాత్రి బస స్టేషనునకు సమీపమున నుండుట మేలు.

సామాను రెండంతస్తుల మెట్లపైకి తానే మోయగలిగినంత మాత్రమే యుండవలెను. బయలుదేరుటకు వారము ముందు నింపిన మూటతో ఒక గంట నడచి చూడవలెను.

పాస్‌పోర్టు, వీసా, బీమా పత్రముల నకళ్లు ఒక జత మూటలోను, ఒక జత ఇంటిలోను ఉంచవలెను. ఏ రాత్రి ఏ ఊరిలో, ఏ చిరునామాలో ఉందుమో తెలుపు పట్టిక ఇంటివారి చేతిలో నుండవలెను. వియన్నా, ల్యుబ్లియానా, రోము, బెర్ను, పారిసు, బ్రస్సెల్సు నగరములలో భారత రాయబార కార్యాలయములు కలవు. వాటి చిరునామాలు వ్రాసికొనవలెను.

ఆపదలో పిలువవలసిన సంఖ్య 112. యూరోపియన్ యూనియను దేశములన్నిటను, స్విట్జర్లండులోను ఇది పనిచేయును. మన దేశమునను ఇదే సంఖ్య కావున గుర్తుంచుకొనుట సులభము.

సెప్టెంబరులో మన గడియారము అచటి గడియారముకంటె మూడున్నర గంటలు ముందుండును. అచట సాయంకాలము 5 గంటలైనప్పుడు ఇచట రాత్రి 8-30. ఈ వేళను ఇంటికి మాటలాడుటకు నిర్ణయించుకొనవచ్చును.

ఆదివారము ఆస్ట్రియా, స్విట్జర్లండులలో దుకాణములు పెక్కు మూసియుండును. శనివారమే రొట్టె, పండ్లు కొనియుంచుకొనవలెను. మాంసము తిననివారు ఆ సంగతిని జర్మను, స్లోవీను, ఇటాలియను, ఫ్రెంచి భాషలలో ఒక అట్టముక్కపై వ్రాయించుకొని చూపుట సులభోపాయము. అచటి విద్యుత్తు మనదివలెనే 230 వోల్టులు. కాని మన పెద్ద మూడు ముళ్ల ప్లగు పట్టదు. సన్నని గుండ్రని రెండు ముళ్ల ప్లగు కావలెను.

బడిని చూడగోరువారు తిన్నగా పోయి తలుపు తట్టరాదు. రెండు మూడు నెలల ముందే ప్రధానోపాధ్యాయునికి లేఖ వ్రాసి, తాము ఎవరో, ఏల చూడగోరుచున్నారో తెలిపి, అనుమతి పొందవలెను. అనుమతి రానిచో ఊరి గ్రంథాలయము, పుస్తకముల దుకాణము చూచి సంతోషింపవలెను. పిల్లల పుస్తకములు ఏ భాషలో ఎన్ని యున్నవో ఆ దుకాణమే చెప్పును.

ప్రతి దినమును వ్రాసికొనవలెను. చెన్నపట్టణమున నివసించిన తెలుగువారు ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830-31 సంవత్సరములలో కాశీయాత్ర చేసి, మజిలీ మజిలీకి చూచినదంతయు తెలుగున వ్రాసియుంచిరి. ఆయన వెంట పెద్ద పరివారము నడచినది. మన బాటసారికి పరివారము లేదు కావున దినచర్యయే తోడు. సాయంకాలము ఎవరితోను పంచుకొనలేని మాటలు కాగితముపై నిలుచును. ఒంటరితనము తప్పక బాధించును. వారమునకు ఒక దినము ఏమియు చూడక విశ్రమించుట ప్రణాళికలోనే వ్రాసికొన్నచో ఆ బాధ తగ్గును.

7. భాష

ఒక ఊరికి ఒక పేరే యుండునని ఈ మార్గమున నమ్మరాదు. ట్రియెస్టును స్లోవీనులు త్ర్స్త్ అందురు. బొల్జానో బోట్సెన్ అగును, లదీనులకు బుల్సాన్. కూర్ రోమాంషులో కువైరా. బ్రస్సెల్సు ఫ్రెంచిలో బ్ర్యుసెల్, డచ్చిలో బ్రుసెల్. రైలు పలకపై ఏ పేరుండునో ముందుగ తెలియదు. ప్రతి ఊరికి గల పేర్లన్నియు నోటుపుస్తకమున వ్రాసికొననిచో దిగవలసిన చోట దిగకపోవుట సంభవించును. పర్లాకిమిడి అని ఇంట విని, పారళాఖెముండి అని పలకపై చదువువారికి ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు.

పలకరింపులు కొన్ని నేర్వవలెను. ఆస్ట్రియాలోను, బొల్జానోలోని జర్మను వారితోను: గ్రూస్ గొట్. స్లోవీనులతో: దోబెర్ దాన్. ఇటాలియనులతో: బొన్ జోర్నో. రోమాంషు వారితో: బున్ ది. ఫ్రెంచివారితో: బోన్‌జూర్. లక్సెంబర్గులో: మోయెన్. టిక్కెట్టు, బస, వైద్యము మొదలగు వ్యవహారములకు ఇంగ్లీషు కావలెను. దానిని బడిలో శ్రద్ధగ నేర్వవలెను. కాని ఇంగ్లీషు వచ్చినంతమాత్రమున చాలదు. బొల్జానోలో జర్మను వానిని ఇటాలియనులోను, ఇటాలియను వానిని జర్మనులోను పలకరించునప్పుడు ముఖము చూచి, చెవియొగ్గి, ఎదుటివాని భాష ఏదో కనుగొని మాటలాడు నేర్పు కావలెను.

ఆ నేర్పు ఈ పత్రికను చదువు విద్యార్థులకు కలదు. అంగడిలో తమిళమో, కన్నడమో, ఒడియాయో, మరాఠీయో మాటలాడి, బడిలో తెలుగు చదివి, దరఖాస్తు ఇంగ్లీషున నింపు పిల్లలు ఆ పనిని ప్రతిదినమును చేయుచున్నారు. దానిని ఒక విద్యగ ఎవరును గణింపరు, మార్కులును ఉండవు. కాని ఒంటరి బాటసారి ఏ ఊరికేగినను అచట అతని భాషకు అతడొక్కడే. ఎల్లవేళలను పెద్ద గుంపులోనే పెరిగినవానికి ఆ స్థితి బెదరు పుట్టించును. చిన్న గుంపులో పెరిగినవానికి అది పరిచితమైన స్థితి.

8. తల్లిదండ్రులకు ఒక మాట

తెలుగు మాధ్యమమున చదివించుటచే పిల్లల లోకము చిన్నదగునేమో యను భయము మనలో పెక్కుమందికి కలదు. ఆ భయము నిష్కారణమని మేము చెప్పము. ఇంగ్లీషు బలహీనమైనచో పై పత్రములలో ఒక్కటియు నింపలేరు. ప్రాంతీయ భాష రానిచో ఉన్న ఊరిలోనే పరాయివారగుదురు. ఈ రెండింటిని నేర్పు బాధ్యత బడికిని, ఇంటికిని కలదు. కాని వాటికి చోటు చేయుటకై తెలుగును తీసివేయనక్కరలేదు. క్లాగెన్‌ఫుర్టులోని స్లోవీను పిల్లలు జర్మనును విడువలేదు, స్లోవీనును విడువలేదు. లదీను పిల్లలు మూడు భాషలు మోయుచున్నారు. వారి బడులు నిలిచినది చట్టములవలన మాత్రమే కాదు. ప్రతి సంవత్సరమును బడి తెరచునాడు తమ పిల్లల పేర్లు అచట వ్రాయించిన తల్లిదండ్రులవలనను నిలిచినవి.

కుమార్తె ఒంటరిగ పోదునన్నప్పుడు వలదనుటకు ముందు ఆమె ప్రణాళికను అడిగి చదువుడు. ఏ రాత్రి ఎక్కడ, ఎంత ఖర్చు, ఆపద వచ్చినచో ఏమి చేయును అను మూడు ప్రశ్నలకు కాగితముపై సమాధానమున్నచో సగము భయము తీరును. సమాధానము లేనిచో కుమారునినైనను పంపరాదు.

అభ్యాసములు

1. బొల్జానోలో నాలుగు రాత్రులకు బదులు మూడు రాత్రులుండి, ఆ రాత్రిని ల్యుబ్లియానాకు చేర్చినచో వీసా దరఖాస్తు ఏ దేశమునకు చేయవలెను? కారణము వ్రాయుడు.

2. ఈ యాత్ర ముగిసిన వెంటనే షెంగెన్ నియమము ప్రకారము 180 దినముల గడువులో మిగులు దినములెన్ని?

3. ఊరినుండి ఊరికి ప్రయాణముల ఖర్చు 400కు బదులు 520 యూరోలైనచో, పదవ వంతు ఆపద్ధనముతో మొత్తమెంత?

4. అట్లాసులో క్లాగెన్‌ఫుర్ట్, ల్యుబ్లియానా, ట్రియెస్టులను గుర్తించి, మూడు దేశముల సరిహద్దులు గీయుడు. ప్రక్కన హోసూరు నుండి కుప్పము వరకు గల మూడు రాష్ట్రముల సరిహద్దులను గీసి, రెండు పటములను పోల్చి పది వాక్యములు వ్రాయుడు.

5. మీ ఊరి పేరు ఏయే భాషలలో ఏ విధముగ పలుకబడుచున్నదో, మీ స్టేషను లేక బస్సు నిలయపు పలకపై ఏయే లిపులలో వ్రాయబడియున్నదో చూచి వ్రాసికొని రండు.